గుండె ప్రశ్నకు మూత్రపిండాల జవాబు

ఈ నెల విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. దాదాపు అన్నీ ఏదో ఒక అవయవం పేరు పెట్టి అడిగినవే. కానీ జవాబు రాయడానికి కూర్చుంటే, అడిగిన అవయవం కంటే అడగని అవయవం గురించే ఎక్కువగా చెప్పవలసి వచ్చింది. పాఠ్యపుస్తకాలు అధ్యాయానికొక అవయవాన్ని కేటాయిస్తాయి కనుక, బాగా చదువుకున్నవారికి కూడా గుండె ఒక చోట, కాలేయం ఒక చోట ఎవరి పని వారు చేసుకుంటున్నారన్న అభిప్రాయం మిగిలిపోతుంది. శరీరంలో అలాంటి ఏర్పాటు ఎక్కడా లేదు. ఇక్కడ రాసినవి శరీరం పనిచేసే తీరును తెలియజేసే వివరణలు మాత్రమే. మందులు మొదలుపెట్టడం, మానడం మీ వైద్యుల సలహా మేరకే జరగాలి.

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్ళు. రాత్రి భోజనమయ్యాక ఛాతీ మధ్యలో బరువుగా ఉందని, గ్యాస్ పట్టేసిందని సోడా తాగి పడుకున్నారు. తేన్పులు వచ్చాక కాస్త తేలికైందని కూడా అన్నారు. తెల్లవారి ఈసీజీ తీసి గుండెపోటని చెప్పారు. గుండెలో వచ్చిన నొప్పి పొట్టలో ఉన్నట్టు ఎందుకు అనిపించింది?
– పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: చర్మం మీద చీమ కుడితే ఎక్కడ కుట్టిందో కళ్ళు మూసుకుని కూడా వేలు పెట్టి చూపగలం. లోపలి అవయవాల విషయంలో మెదడుకు అంత స్పష్టత లేదు. గుండె నుంచి నొప్పిని మోసుకొచ్చే నరాల తంతువులు ప్రధానంగా వెన్నుపాములో ఛాతీ పైభాగానికి చెందిన నాలుగైదు ఖండాలలోకి ప్రవేశిస్తాయి. ఎడమచేతి లోపలి అంచు నుంచి, ఛాతీ గోడ నుంచి, అన్నవాహిక నుంచి వచ్చే తంతువులలో చాలా భాగం కూడా అక్కడికే, తరచు అవే నాడీకణాల మీదికే వచ్చి చేరతాయి. అక్కడి నుంచి పైకి వెళ్ళే సంకేతం ఏ అవయవంలో బయలుదేరిందో తేల్చుకోవడానికి మెదడుకు వేరే ఆధారం ఉండదు. పుట్టినప్పటి నుంచి చేయి, ఛాతీ, అన్నవాహికల నుంచి వచ్చే కబుర్లకు అలవాటు పడిన మెదడు, అరుదుగా నోరు విప్పే గుండె బాధను కూడా వాటికే అంటగడుతుంది. అందుకే గుండెపోటు వచ్చిన మనిషి చేయి లాగుతోందనో, గుండెల్లో మంటగా ఉందనో, దవడ నొప్పిగా ఉందనో చెబుతాడు.

పొట్ట సంగతి ఇంకొంచెం ప్రత్యేకమైనది. గుండె అడుగుభాగపు గోడ, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం అనే కండరపు పొర మీద ఆనుకుని ఉంటుంది. ఆ గోడకు రక్తం అందనప్పుడు వాగస్ అనే నాడి ఉద్రేకం చెందుతుంది. అదే నాడి జీర్ణాశయాన్ని కూడా శాసిస్తుంది కనుక వికారం, వాంతి, పొట్ట పైభాగంలో బిగదీసినట్టు ఉండటం మొదలవుతాయి. మీ నాన్నగారికి తేన్పులు రావడంలో వింత లేదు. సోడా తాగిన ఎవరికైనా అందులోని వాయువు తేన్పులుగా బయటికి వస్తుంది. తేన్పు వచ్చిన వేళకే నొప్పి కూడా కొంచెం తగ్గితే, రెంటికీ సంబంధం కలపడం మనిషికి సహజం. నిజానికి గుండెనొప్పి ఒకే తీవ్రతతో ఉండదు, పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అందువల్ల సోడాతోనో, ఆమ్లాన్ని తగ్గించే మందుతోనో తేలికపడింది కాబట్టి అది గుండెది కాదు అనే తర్కం చెల్లదు.

గుండె ఇంత సులువుగా ఇబ్బందిలో పడటానికి కారణం దాని సొంత రక్తసరఫరాలోనే ఉంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని శరీరమంతటికీ పంపుతుంది. అందులో తన కండరం కోసం తీసుకునేది పావు లీటరు మాత్రమే. ఇతర అవయవాలు తమకు అందిన రక్తంలోని ప్రాణవాయువులో సగటున నాలుగోవంతు మాత్రమే వాడుకుంటే, గుండె కండరం ఖాళీగా కూర్చున్న సమయంలో కూడా 70 శాతానికి పైగా పీల్చేస్తుంది. కనుక పని పెరిగినప్పుడు అదే రక్తం నుంచి ఇంకా ఎక్కువ పిండుకోవడానికి దాదాపు ఏమీ మిగలదు. రక్తప్రవాహమే పెరగాలి. పైగా శరీరానికి రక్తాన్ని తోసే గుండె గది, అంటే ఎడమ జఠరిక, తాను ముడుచుకున్నప్పుడు తన రక్తనాళాలను తానే నొక్కేసుకుంటుంది కనుక, దాని కండరానికి రక్తం ప్రధానంగా రెండు స్పందనల నడుమ దొరికే విరామంలోనే అందుతుంది. గుండె వేగం పెరిగే కొద్దీ ఆ విరామం కుదించుకుపోతుంది. సింహాచలం మెట్లదారి ఎక్కుతుంటే ఛాతీలో పట్టేసి, మెట్టు మీద కూర్చోగానే తగ్గిపోయే నొప్పి ఉన్నవారు దీన్ని గుర్తుంచుకోవాలి. నడిస్తే వచ్చి ఆగితే పోయే నొప్పి ఛాతీలో ఉన్నా, దవడలో ఉన్నా, పొట్ట పైభాగంలో ఉన్నా, గుండె రక్తనాళాలు ఇరుకైనాయేమోనని అనుమానించవలసిందే.

నాళం పూర్తిగా మూసుకుపోతే సుమారు 20 నిమిషాల నుంచి కండరం చనిపోవడం మొదలై, లోపలి పొర నుంచి బయటి పొరకు గంటల తరబడి వ్యాపిస్తుంది. మీ నాన్నగారు రాత్రంతా నిద్రలో గడిపేసిన కాలం అదే. మధుమేహం ఉన్నవారిలో నరాలు దెబ్బతిని నొప్పి అసలు తెలియకపోవచ్చు. అకారణంగా చెమటలు పట్టడం, ఆయాసం, తట్టుకోలేని నీరసం మాత్రమే కనిపించవచ్చు. నలభై దాటిన మనిషికి కొత్తగా వచ్చిన ‘గ్యాస్ నొప్పి’ పది పదిహేను నిమిషాలు దాటినా తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీయగల చోటికి వెళ్ళడమే నా సలహా. ఈసీజీ మామూలుగా ఉండి, నిజంగా గ్యాసే అని తేలితే ఒక రాత్రి నిద్ర పోతుంది, అంతే.

ప్రశ్న: మార్చిన గుండెకు నరాలు కలపరని విన్నాను. మరి అది మెదడు ఆజ్ఞ లేకుండా ఎలా కొట్టుకుంటుంది?
– విద్యార్థి, ఆంధ్ర విశ్వవిద్యాలయం

జవాబు: కొట్టుకోవడానికి మెదడు ఆజ్ఞ అక్కరలేదు. గుండెలోని కుడివైపు పై గది అయిన కుడి కర్ణిక పైభాగంలో ఉన్న చిన్న కణుపులోని కణాలు తమంతట తామే విద్యుత్ ప్రేరణను పుట్టిస్తాయి. ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే ఇద్దరు దీన్ని 1907లో వర్ణించారు. మెదడు చేసేది ఆ వేగాన్ని సరిదిద్దడం మాత్రమే. ఏ నరమూ అదుపు చేయకపోతే ఆ కణుపు నిమిషానికి 100 సార్ల దాకా కొట్టించగలదు. వాగస్ నాడి పగ్గం వేసి పట్టుకుంటుంది కనుకనే మనకు విశ్రాంతిలో 70 దగ్గర ఉంటుంది. గుండె మార్పిడి చేయించుకున్నవారిలో ఆ పగ్గం తెగిపోయి ఉంటుంది కనుక వారి నాడి కూర్చున్నప్పుడు కూడా తరచు 90 నుంచి 110 దాకా ఉంటుంది. వారు పరుగు తీస్తే నాడి వెంటనే పెరగదు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వెలువడిన హార్మోను రక్తంలో కలిసి గుండెను చేరాక మెల్లగా పెరుగుతుంది, పరుగు ఆపాక మెల్లగానే దిగుతుంది. మన దేశంలో విజయవంతమైన తొలి గుండె మార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన బృందానికి నాయకుడు మన తెలుగువారైన డాక్టర్ పి. వేణుగోపాల్.

ప్రశ్న: మా అమ్మమ్మకు బీపీ ఉంది. గుండె డాక్టరు ఇచ్చిన మాత్రతో మాటిమాటికీ మూత్రానికి లేవవలసి వస్తోందని మానేస్తానంటోంది. గుండె జబ్బుకు మూత్రం వచ్చే మందు ఇవ్వడమేమిటి?
– పాఠకుడు, సీతమ్మధార

జవాబు: రక్తపోటు విషయంలో గుండె కంటే మూత్రపిండాలకే ఎక్కువ అధికారం ఉంది. రెండూ కలిపి 300 గ్రాములకు మించి తూగని ఈ అవయవాలకు గుండె పంపే రక్తంలో అయిదోవంతు వెళుతుంది. తమకే అంత ఆహారం కావాలని కాదు, వడపోయడానికి. ఒక్కొక్క మూత్రపిండంలో నెఫ్రాన్లు అనే సూక్ష్మమైన వడపోత గొట్టాలు సుమారు 10 లక్షలు ఉంటాయి. అవన్నీ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. శరీరంలో ఉన్న ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, సుమారు 3 లీటర్లు మాత్రమే కనుక, ఆ మూడు లీటర్లే రోజుకు 60 సార్లు వడపోతకు వస్తాయన్నమాట. బయటికి వెళ్ళే మూత్రం లీటరున్నర. మిగిలినదంతా తిరిగి రక్తంలోకే పోతుంది. భోగికి ముందు ఇల్లు దులిపేటప్పుడు సామానంతా వాకిట్లో పెట్టి, పనికొచ్చేది మాత్రమే లోపలికి తెచ్చుకున్నట్టుగా మూత్రపిండాలు పనిచేస్తాయి. ఏది చెత్తో ఏరి పారేసే పద్ధతి కాదు, చిన్న అణువులనన్నిటినీ బయటపెట్టి కావలసినవి వెనక్కి తీసుకునే పద్ధతి. ఇది దండగమారి పనిలా కనిపిస్తుంది. కానీ మన శరీరం మునుపెన్నడూ ఎరుగని కొత్త విషాన్ని కూడా గుర్తుపట్టనక్కరలేకుండానే వదిలించుకోగల సౌలభ్యం చాలా వరకు దీనివల్లనే వచ్చింది.

ఈ వడపోతలో రోజుకు దిగే ఉప్పు దాదాపు కిలోన్నర. మనం తినేది ఏ పది గ్రాములో ఉంటుంది. వడపోతలో దిగిన ఉప్పులో 99 శాతానికి పైగా వెనక్కి తీసుకుంటేనే లెక్క సరిపోతుంది. ఆ తీసుకోవడంలో మూత్రపిండం కొంచెం ఎక్కువ పొదుపు పాటించినా ఉప్పు రక్తంలో మిగులుతుంది, ఉప్పు వెంట నీరు నిలుస్తుంది, నాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. మూత్రపిండానికి తనకు అందే రక్తం తగ్గినట్టు అనిపిస్తే రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. దానినుంచి వరుసగా జరిగే చర్యల చివర రక్తనాళాలు బిగుసుకుంటాయి, అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే ఆల్డోస్టిరోన్ అనే హార్మోను ఉప్పును ఇంకా పట్టి ఉంచుతుంది. స్టాక్‌హోంలో టైగర్‌స్టెట్ అనే శాస్త్రవేత్త 1898లోనే రెనిన్‌ను గుర్తించినా, దానిని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1934లో గోల్డ్‌బ్లాట్ అనే అమెరికన్ వైద్యుడు కుక్కలలో మూత్రపిండానికి వెళ్ళే ధమనిని కొద్దిగా బిగించి, ఆ ఒక్క పనితో రక్తపోటు పెరిగి నిలిచిపోతుందని చూపించాడు. గుండెను ఆయన ముట్టుకోనే లేదు.

మీ అమ్మమ్మగారి మాత్ర బహుశా నెఫ్రాను చివరి భాగంలో ఉప్పు వెనక్కి రాకుండా ఆపే రకానిది అయి ఉంటుంది. అక్కడ తిరిగి తీసుకునేది మొత్తం ఉప్పులో సుమారు 5 శాతమే అయినా, కిలోన్నరలో 5 శాతం అంటే చిన్న సంగతి కాదు. మూత్రం ఎక్కువగా రావడం సాధారణంగా మొదటి కొన్ని వారాలే బాధిస్తుంది. రాత్రి వేసుకుంటున్నట్టయితే ఉదయానికి మార్చవచ్చునేమో వైద్యుణ్ణి అడగండి. పెద్ద వయసువారిలో ఈ మందుల వల్ల రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి మాట తడబడటం, మత్తుగా ఉండటం కనిపించవచ్చు కనుక అప్పుడప్పుడు రక్తపరీక్ష అవసరం. మాత్ర వేసుకుంటూనే ఆవకాయ, ఉప్పుచేప, అప్పడాలు యథాప్రకారం నడిపిస్తే మందు ఒక వైపు, నాలుక ఒక వైపు లాగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే పరిమితి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు. మన భోజనంలో దాన్ని పాటించడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా సగానికి దిగినా లాభమే.

ప్రశ్న: ఇంజను చెడి పడవ సముద్రంలో నిలిచిపోయినప్పుడు ఎంత దాహమైనా సముద్రపు నీళ్ళు తాగకూడదని మా పెద్దలు చెబుతారు. అసలేమీ తాగకుండా ఉండటం కంటే అవి నయం కాదా?
– పాఠకుడు, పెదజాలారిపేట

జవాబు: మీ పెద్దలు చెప్పినదే సరైనది, తాగకపోవడమే నయం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. గోదావరి, మహానది, గంగ వంటి నదులు కలవడం వల్ల మన బంగాళాఖాతంలో కొంచెం తక్కువ. మనిషి మూత్రపిండం ఎంత శ్రమించినా లీటరు మూత్రంలో సుమారు 20 గ్రాములకు మించి ఉప్పును పంపలేదు. అంటే లీటరు సముద్రపు నీరు తాగితే, అందులోని ఉప్పును వదిలించుకోవడానికి లీటరున్నరకు పైగా మూత్రం పోయాలి. ఆ అదనపు అరలీటరు పైచిలుకు మన కణాలలోంచి రావలసిందే. ఆ నీటిలోని మెగ్నీషియం లవణాలు విరేచనాలు పట్టించి మరికొంత నీటిని లాగేస్తాయి.

చలికాలం చివర రాత్రివేళ మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కళ్ళ వెంట చిక్కటి నీరు కారడం మీవాళ్ళు చూసే ఉంటారు. అది ఏడుపు కాదు. తాబేలు మూత్రపిండం ఈ విషయంలో మన మూత్రపిండం కంటే కూడా బలహీనమైనది. కానీ దాని కంటి పక్కనున్న గ్రంథులు సముద్రం కంటే ఉప్పగా ఉండే ద్రవాన్ని బయటికి పంపుతాయి. మనకు ఆ గ్రంథులు లేవు. నీళ్ళు కరవైనప్పుడు ఎండుచేపలు కూడా తినకపోవడం మంచిది. ఉప్పు సంగతి అటుంచినా, మాంసకృత్తులు జీర్ణమయ్యాక మిగిలే యూరియాను పంపడానికి మూత్రపిండానికి మళ్ళీ నీరే కావాలి.

ప్రశ్న: నేను ఫౌండ్రీలో కొలిమి దగ్గర పనిచేస్తాను. వేసవిలో బిందెల కొద్దీ నీళ్ళు తాగుతున్నా సాయంత్రానికి పిక్కలు పట్టేస్తున్నాయి. మజ్జిగలో ఉప్పు వేసుకోమని మా మేస్త్రీ అంటాడు, బీపీ వస్తుందని మా ఆవిడ అంటుంది. ఎవరి మాట వినాలి?
– పాఠకుడు, ఆటోనగర్

జవాబు: మీకు బీపీ గాని మూత్రపిండాల జబ్బు గాని లేకపోతే, కొలిమి దగ్గర ఉన్న రోజుల వరకు మేస్త్రీ మాట వినండి. సెలవు రోజున మీ ఆవిడ మాట వినండి.

ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే శరీరం నుంచి సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. చల్లబరిచేది చెమట కాదు, అది ఆవిరి కావడం. విశాఖ గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట ఆవిరి కాకుండా బొట్లు బొట్లుగా కారిపోతుంది. అలా కారిన చెమట ఉప్పునూ నీటినీ తీసుకుపోతుంది గాని వేడిని తీసుకుపోదు. ఉష్ణోగ్రత మన కంటే ఎక్కువ నమోదయ్యే అనంతపురం ఎండ కంటే మన ఉక్కపోత కొన్ని రోజులలో ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. చల్లబడటం చాలక శరీరం చర్మానికి ఇంకా రక్తాన్ని మళ్ళిస్తుంది, మామూలుగా నిమిషానికి అరలీటరు లోపు వెళ్ళేది తీవ్రమైన వేడిలో 7 లీటర్ల దాకా పెరగవచ్చు. ఆ రక్తాన్ని పేగులకు, మూత్రపిండాలకు తగ్గించి తేవాలి, గుండె రెట్టింపు పని చేయాలి. ఎండలో పనిచేసి వచ్చినవారికి అన్నం సయించకపోవడం, మూత్రం ఎర్రగా, కొద్దిగా రావడం ఈ మళ్ళింపుల ఫలితమే.

లీటరు చెమటలో 1 నుంచి 4 గ్రాముల దాకా ఉప్పు పోతుంది. బరువు పని చేసేవారు గంటకు లీటరు చెమట పోయడం అరుదేమీ కాదు. ఆ నష్టాన్ని ఒట్టి నీళ్ళతో పూడిస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది. బ్రిటన్ బొగ్గుగనులలో కండరాలు పట్టేసే కార్మికులకు ఉప్పు కలిపిన నీరు ఇచ్చి ఫలితం చూడటం 1920లనాడే జరిగింది. అయితే పిక్కలు పట్టడానికి ఉప్పు లోటు ఒక్కటే కారణం కాదు, అలసిన కండరానికి, దాన్ని నడిపే నరానికి మధ్య అదుపు తప్పడం కూడా కారణమే. కండరం బిగియడానికే కాదు, సడలడానికీ శక్తి కావాలి. బిగువుకు కారణమైన కాల్షియాన్ని తిరిగి లోపలి అరలలోకి తోడెయ్యడానికి శక్తిని అందించే ఏటీపీ అనే అణువు ఖర్చవుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1920ల చివర కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తరవాత ఏటీపీని వేరుచేసినవారిలో ఒకరు. పట్టేసిన పిక్కను నెమ్మదిగా సాగదీసి, పాదాన్ని మోకాలి వైపు వంచితే నరం నుంచి వచ్చే ప్రేరణ తగ్గి కండరం వదులుతుంది.

కొత్తగా పనిలో చేరినవారికి ఇంకొక మాట. వేడికి అలవాటు పడటానికి శరీరానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో చెమట త్వరగా, ఎక్కువగా పట్టడం మొదలవుతుంది, కానీ అందులో ఉప్పు తగ్గుతుంది. పైన బీపీ ప్రశ్నలో చెప్పిన ఆల్డోస్టిరోనే చెమట గ్రంథులలో కూడా ఉప్పును వెనక్కి లాగుతుంది. నెల రోజులు సెలవు పెట్టి వచ్చినవారు ఆ అలవాటును చాలా వరకు పోగొట్టుకుంటారు కనుక తొలి రోజులలో కొలిమి దగ్గర పని గంటలు తగ్గించుకోవాలి. పనిచేసే మనిషి అయోమయంగా మాట్లాడినా, తూలినా అది పిక్కల సంగతి కాదు, వడదెబ్బ. వెంటనే బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్ళు పోసి, గాలి విసురుతూ ఆసుపత్రికి తరలించాలి.

విరేచనాలకు వాడే ఓ.ఆర్.ఎస్. తాగవచ్చునా అని కూడా ఉత్తరం చివర అడిగారు. తాగవచ్చు. అందులోని గ్లూకోజు రుచి కోసం వేసింది కాదు. చిన్నపేగు గోడలో ఉన్న ఒక వాహకం సోడియాన్నీ గ్లూకోజునూ జతగా మాత్రమే లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు వస్తుంది. కలరాలో పేగుల నుంచి నీరు ఎంత పోతున్నా ఈ దారి మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్ని డ్రమ్ముల్లో కలిపి తాగించి వేలమందిని కాపాడారు. ఉప్పు వేసిన గంజి కూడా దాదాపు ఇదే పని చేస్తుంది, అన్నంలోని పిండిపదార్థం పేగులో గ్లూకోజుగా విడిపోతుంది కాబట్టి.

ప్రశ్న: అన్నం తినగానే మలవిసర్జనకు వెళ్ళవలసి వస్తోంది. తిన్నది తిన్నట్టే పోతోందేమో, ఒంటికి పట్టడం లేదేమో అని భయం.
– పాఠకుడు, అక్కయ్యపాలెం

జవాబు: ఇప్పుడు తిన్నది ఇప్పుడే పోవడం లేదు. జీర్ణాశయం నిండగానే పెద్దపేగుకు కదలమని సంకేతం వెళుతుంది, అది నిన్నటిదో మొన్నటిదో బయటికి తోస్తుంది. ఆహారం ఈ ప్రయాణమంతా పూర్తి చేయడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. బరువు తగ్గడం, రక్తం పడటం, రాత్రి నిద్రలో లేవవలసి రావడం వంటివి ఉంటే మాత్రం పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: అరకు వెళ్ళేటప్పుడు ఘాట్ రోడ్డులో మా అబ్బాయికి వాంతులయ్యాయి, బొర్రా గుహల మెట్ల దగ్గర ఆయాసపడ్డాడు. కొండ మీద ఆక్సిజన్ తక్కువ కావడం వల్లనా?
– పాఠకురాలు, మధురవాడ

జవాబు: కాదు. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గాలిలో కూడా ఆక్సిజన్ 21 శాతమే, పీడనం మాత్రం సుమారు పదోవంతు తగ్గుతుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ స్వభావం ఎటువంటిదంటే, ఊపిరితిత్తులలో పీడనం ఈ మాత్రం తగ్గినా అది ఆక్సిజన్‌తో ఇంచుమించు పూర్తిగానే నిండుతుంది. వాంతులకు కారణం చెవి. మలుపుల్లో శరీరం ఊగుతున్న సంగతి లోపలి చెవి మెదడుకు చెబుతుంటే, బండి లోపలి సీటునో ఫోన్‌నో చూస్తున్న కళ్ళు కదలిక లేదంటాయి. ఆ పొత్తు కుదరకపోవడమే వికారం. ముందు సీటులో కూర్చోబెట్టి దూరంగా రోడ్డును చూడమనండి. మెట్లు ఎక్కితే ఎవరికైనా ఆయాసం వస్తుంది. ఇంటి దగ్గర ఆటల్లో కూడా తోటి పిల్లల కంటే ముందుగా ఆయాసపడుతుంటే అప్పుడు చూపించండి.

ప్రశ్న: మా తమ్ముడికి పచ్చకామెర్లు వస్తే ఆసుపత్రికి వద్దని పక్క ఊళ్ళో పసరు పోయించారు. మూడు వారాల్లో తగ్గిపోయింది. ఇప్పుడు మా ఇంట్లో అందరూ కామెర్లకు ఇంగ్లీషు మందు లేదంటున్నారు. మీరేమంటారు?
– పాఠకురాలు, గోపాలపట్నం

జవాబు: కామెర్లు ఒక జబ్బు కాదు, ఒక రంగు. ఆ రంగు ఎక్కడిదో చెబితే మిగిలినది మీకే తెలుస్తుంది.

ఎర్ర రక్తకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. ప్రతి సెకనుకు ఇరవై లక్షలకు పైగా కణాలు ముసలివై ప్లీహంలోనూ, కాలేయంలోనూ, ఎముక మజ్జలోనూ విచ్ఛిన్నమవుతాయి. వాటిలోని ఇనుమును శరీరం దాచుకుంటుంది. మిగిలిన వర్ణపదార్థం పసుపుపచ్చని బిలిరుబిన్‌గా మారుతుంది. అది నీటిలో కరగదు కనుక రక్తంలోని అల్బుమిన్ అనే మాంసకృత్తును పట్టుకుని కాలేయం చేరుతుంది. కాలేయకణం దానిని నీటిలో కరిగే రూపంలోకి మార్చి, పైత్యరసంలో కలిపి పేగులోకి వదులుతుంది. పేగులోని సూక్ష్మజీవులు దాన్ని ఇంకొంత మార్చడం వల్లనే మలానికి ఆ రంగు వస్తుంది, కొంత తిరిగి పీల్చుకోబడి మూత్రానికి లేతపసుపు రంగునిస్తుంది. రక్తంలో బిలిరుబిన్ మామూలుగా డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటుంది. రెండు, మూడు దాటితే కళ్ళలో పచ్చదనం కనిపిస్తుంది.

ఈ దారిలో మూడు చోట్ల అడ్డు రావచ్చు. రక్తకణాలు మితిమీరి పగిలిపోతే కాలేయం తట్టుకోలేకపోవచ్చు, కాలేయకణాలే వాచిపోవచ్చు, పైత్యరసం దిగే గొట్టంలో రాయో, గడ్డో అడ్డుపడవచ్చు. చివరి రకంలో మలం సున్నంలా తెల్లగా ఉంటుంది, మూత్రం ముదురు రంగులో వస్తుంది, ఒళ్ళంతా దురద పుడుతుంది. ఏ పసరూ ఆ రాయిని తీయలేదు. మీ తమ్ముడి వయసువారికి మన ఊళ్ళలో ఎక్కువగా వచ్చేది రెండోరకం, కలుషితమైన నీటి ద్వారా సోకే హెపటైటిస్ ఏ (A) గాని, ఈ (E) గాని. ఇవి ఆరోగ్యవంతులలో చాలావరకు కొన్ని వారాలలో తమంతట తామే తగ్గిపోతాయి. కాలేయానికి తనను తాను తిరిగి పెంచుకునే శక్తి ఉంది. ఇతరులకు దానం చేయడానికి సగానికి పైగా కోసి ఇచ్చినవారిలో కూడా మిగిలిన భాగం కొన్ని నెలలలో దాదాపు పూర్వపు పరిమాణానికి పెరుగుతుంది. మూడు వారాలు గడిస్తే తగ్గవలసిన జబ్బు మూడు వారాలలో తగ్గింది, ఆ మధ్యలో పసరు పోశారు కనుక ఘనత దానికి దక్కింది. ‘ఇంగ్లీషు మందు లేదు’ అన్న మాటలో కొంత నిజముంది, ఈ రెండు వైరసులకు సాధారణంగా ప్రత్యేకమైన మందు అవసరం రాదు. కానీ హెపటైటిస్ బి, సి అలా కాదు. ఇవి రక్తం ద్వారా సోకి ఏళ్ళ తరబడి నిశ్శబ్దంగా కాలేయాన్ని తినేస్తాయి. బి వైరసుకు టీకా ఉంది, అదుపులో పెట్టే మందులున్నాయి, సి వైరసును మాత్రలతో పూర్తిగా నయం చేయవచ్చు. రక్తపరీక్ష చేయకుండా కంటి రంగును చూసి ఇది ఏదో ఎవరూ చెప్పలేరు.

పసరు వల్ల లాభం లేకపోయినా నష్టం లేదు కదా అంటారేమో. పేగులు పీల్చుకున్న పదార్థాలలో అధికభాగం ముందుగా పోర్టల్ సిర గుండా కాలేయానికే చేరుతుంది. ఆహారంతో పాటు ఆకు పసరులోని తెలియని రసాయనాలను కూడా విడదీయవలసింది, అప్పటికే వాచి ఉన్న ఆ కణాలే. ముక్కులో పసరు పిండటం, చేతి మీద వాత పెట్టడం అసలే వద్దు. ఉప్పు, నూనె, పప్పు అన్నీ మాన్పించి రోజుల తరబడి పలచని మజ్జిగ అన్నంతో గడిపించే పథ్యం కూడా అపకారమే, తిరిగి పెరుగుతున్న అవయవానికి శక్తీ మాంసకృత్తులూ కావాలి. వాంతులున్నంత కాలం నూనె సయించదు కనుక తగ్గించుకోవచ్చు, అంతే. మద్యం మాత్రం పూర్తిగా మానాలి. జ్వరానికి పారాసిటమాల్ కూడా వైద్యుణ్ణి అడిగాకనే వేసుకోవాలి.

ఇళ్ళలో అందరూ బిలిరుబిన్ అంకెనే చూస్తారు, ఎనిమిది నుంచి పన్నెండైతే కంగారు పడతారు. వైద్యుడు అంతకంటే ఎక్కువగా చూసేది రక్తం గడ్డకట్టే సమయాన్ని. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలలో చాలా భాగాన్ని కాలేయమే తయారుచేస్తుంది, వాటిలో కొన్ని గంటల వ్యవధిలోనే ఖర్చయిపోతాయి కనుక, కాలేయం నిజంగా కుంటుపడితే ఆ పరీక్షే త్వరగా చెబుతుంది. మనిషి పగలు నిద్రపోతూ రాత్రి మేలుకుని ఉండటం, మాట అసంబద్ధంగా ఉండటం, చిగుళ్ళ నుంచి రక్తం రావడం, పొట్ట ఉబ్బడం కనిపిస్తే ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదు. గర్భిణికి కామెర్లు కనిపిస్తే ఏ లక్షణం కోసమూ ఎదురుచూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, హెపటైటిస్ ఈ (E) గర్భిణులలో ప్రాణాంతకం కాగలదు. మీ తమ్ముడు కోలుకున్నాడు కనుక ఇక చేయవలసింది ఒకటే: హెపటైటిస్ బి, సి పరీక్షలు ఒకసారి చేయించండి, ఇంటిల్లిపాదీ కాచి చల్లార్చిన నీళ్ళు తాగండి.